ఏడాదిగా నీరసం. ఎర్ర ఇంజక్షన్ వేస్తే పది రోజులు బాగుంటుంది, మళ్ళీ మామూలే

బడిగంట | జూన్ 4, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాకు 44 ఏళ్ళు. గుంటూరు జిల్లాలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. ఏడాది పైనుంచి ఒంట్లో ఓపిక లేదు. మొదట ఎండాకాలం కదా అనుకున్నాను, తర్వాత వయసు అనుకున్నాను. ఇప్పుడు మొదటి పీరియడ్ పూర్తయ్యేసరికే బోర్డుకి చెయ్యి ఆనించి నిలబడాల్సి వస్తోంది. రాత్రి తొమ్మిదింటికి పడుకుని పొద్దున ఆరింటికి లేచినా, ఒళ్ళంతా ఎవరో కొట్టినట్టు ఉంటుంది. మొన్న ఐదో తరగతిలో పదిహేడో ఎక్కం చెబుతూ మధ్యలో ఆగిపోయాను. ఇరవై ఏళ్ళుగా చెబుతున్న ఎక్కం. పిల్లలు నవ్వారు. ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది.

మా వీధి చివర ఆర్‌ఎంపీ గారు మూడు ఎర్ర ఇంజక్షన్లు, విటమిన్ బి12 అట, వేశారు, రోజు విడిచి రోజు. నిజంగానే తేడా తెలిసింది. పది రోజులు ఇల్లంతా నేనే తుడుచుకున్నాను. తర్వాత మళ్ళీ మామూలే. ఇంకో ఐదు వేయించుకోమంటున్నారు. మా తమ్ముడేమో ఎక్కడో చదివి ఇది క్రానిక్ ఫెటీగ్, దీనికి మందు లేదు అంటున్నాడు. అప్పటి నుంచి టెన్షన్‌తో ఉన్న నిద్ర కూడా పోయింది.

మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. షుగర్, బీపీ లేవు. థైరాయిడ్ నార్మల్. హిమోగ్లోబిన్ 10.8. ఎవరికైనా ఇలా అయిందా?


సూర్యాపేట సైకిల్ | జూన్ 4, రాత్రి 10:15

అక్కా, భయపడకండి, వేయించుకోండి. మా నాన్నకి అచ్చం ఇలాగే. కుర్చీలోంచి లేవాలంటే చెయ్యి పట్టుకోవాల్సి వచ్చేది. నరాల ఇంజక్షన్లు పది వేయించాం, ఇప్పుడు పొలం గట్టు మీద నడిచి వస్తున్నాడు. నా లెక్కలో ఈ నీరసాల్లో సగం బి12 నీరసాలే. టెస్టుల పేరుతో డబ్బు పోగొట్టుకోవడం కన్నా ఇంజక్షన్ నయం, అది ఎక్కువైనా మూత్రంలో పోతుంది.


స్లైడు కింద | జూన్ 5, ఉదయం 6:20

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, పంతొమ్మిదేళ్ళ సర్వీసు. సైకిల్ అన్నా, నాన్నగారు కోలుకోవడం చాలా సంతోషం. కానీ మీ సలహాలో ఒక్క చోట నాకు మనసు ఒప్పడం లేదు. ఇంజక్షన్ ముందు వేసి రక్తం తర్వాత తీస్తే, రిపోర్టులో బి12 బ్రహ్మాండంగా కనబడుతుంది. 900, 1500, ఒక్కోసారి 2000 దాటి. ఆ కాగితం చూసి డాక్టర్ 'మీకు బి12 బాగానే ఉంది' అని పంపేస్తారు. అసలు లోపం ఉందో లేదో, ఉంటే ఎందుకొచ్చిందో ఇక ఎవరికీ తెలియదు. ఇలాంటి వాళ్ళు నా బల్ల ముందు వారానికి ఇద్దరు ముగ్గురైనా కూర్చుంటారు.

బడిగంట మేడం, మూడు ప్రశ్నలు. ఒకటి, ఇంజక్షన్లకు ముందు తీసిన రక్త పరీక్ష ఏదైనా ఇంట్లో ఉందా? అందులో ఎంసీవీ ఎంత? అది ఎర్ర కణం సైజు. 80 నుంచి 100 మధ్య ఉండాలి. బి12గానీ ఫోలిక్ యాసిడ్‌గానీ తగ్గితే కణం పెద్దదై 100 దాటుతుంది. రెండు, జుట్టు రాలకుండా బయోటిన్ మాత్రలు ఏమైనా వాడుతున్నారా? అది కూడా బి విటమినే, కానీ ఎక్కువ మోతాదులో వాడితే కొన్ని మెషీన్లలో థైరాయిడ్, బి12 లెక్కలు తప్పుగా వస్తాయి. మూడు, రోజూ వేసుకునే మాత్ర ఏదైనా ఉందా? చిన్నదైనా సరే చెప్పండి.


బడిగంట | జూన్ 5, సాయంత్రం 5:50

అన్నా, మీరు అడిగారని బీరువా మీద ఫైల్ దించాను. గత అక్టోబరులో స్కూల్ వాళ్ళు అందరికీ హెల్త్ ప్యాకేజీ చేయించారు. పదకొండు పేజీలు. అప్పుడు చూసింది రెండే, షుగర్, కొలెస్ట్రాల్. అవి బాగున్నాయని ఫైల్‌లో పెట్టేశాను. ఇవాళ తిప్పి చూస్తే ఏడో పేజీలో విటమిన్ బి12: 148 పికోగ్రాములు. పక్కన సన్నటి అక్షరంతో తక్కువ అని గుర్తు. ఎంసీవీ 104. ఎనిమిది నెలలుగా నా తల మీదే ఉంది ఈ కాగితం. ఆ రోజు కన్సల్టేషన్ కూడా ప్యాకేజీలోనే ఉంది. ఆ డాక్టరు గారు మొదటి పేజీ చూసి 'అంతా ఓకే' అన్నారు.

బయోటిన్ వాడలేదు. రోజూ వేసుకునేది గ్యాస్ మాత్ర ఒక్కటే, పొద్దున్నే పరగడుపున. ఆరేడేళ్ళ నుంచి. అది మందు కింద లెక్కేస్తారా?


వార్డు రౌండ్ | జూన్ 5, రాత్రి 11:05

జనరల్ మెడిసిన్ డాక్టర్‌ని, జిల్లా కేంద్రంలో పనిచేస్తున్నాను. ఇక్కడ మందు రాయను, మిమ్మల్ని చూడకుండా రాయకూడదు. కానీ గ్యాస్ మాత్ర గురించి అడిగారు కాబట్టి చెప్పాలి. దాన్ని తప్పకుండా లెక్కేస్తాం.

బి12 శాకాల్లో ఉండదు. దాన్ని తయారుచేసేది బ్యాక్టీరియా మాత్రమే. మనకి మాంసం, చేపలు, గుడ్లు, పాలు, పెరుగు ద్వారా వస్తుంది. తిండిలో అది ప్రోటీన్‌ని అతుక్కుని ఉంటుంది. కడుపులో యాసిడ్ ఉంటేనే విడిపడుతుంది. తర్వాత కడుపు గోడలోంచి వచ్చే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ దాన్ని చెయ్యి పట్టుకుని చిన్నపేగు చివరి దాకా తీసుకెళుతుంది. అక్కడే రక్తంలోకి ఎక్కుతుంది. ఈ దారిలో ఎక్కడ తెగినా లోపమే. యాసిడ్ తగ్గించే గ్యాస్ మాత్రలు, ప్యాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి ఏళ్ళ తరబడి వాడితే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ చివరి మెట్టులో అడ్డుపడుతుంది. చిన్నపేగు చివర టీబీ వచ్చినా, ఆ ముక్క కోసి తీసేసినా అంతే.

మీ తిండి లెక్క చూద్దాం. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దవాళ్ళకి రోజుకి 2.2 మైక్రోగ్రాముల బి12 కావాలని చెప్పింది. పావు లీటరు పాలలో దాదాపు ఒక మైక్రోగ్రామ్ ఉంటుంది. రెండు పూటలా కాఫీలో పాలు, మధ్యాహ్నం ఒక కప్పు పెరుగు అనుకుంటే మీకు ఒకటికి అటూ ఇటూ అందుతోంది. అందులోంచి కూడా యాసిడ్ లేక కొంత జారిపోతోంది. లివర్‌లో కొన్నేళ్ళకి సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి లోపం నిదానంగా బయటపడుతుంది.

మూడు ఇంజక్షన్లతో పది రోజులు బాగుండటం మీ భ్రమ కాదు. ఎండిపోయిన ఎముక మజ్జకి నీళ్ళు తగిలినట్టు అయింది. కొత్త కణాలు వారం లోపే పుట్టుకొస్తాయి. కానీ ఒక్కసారి పెద్ద మోతాదు వేస్తే అందులో చాలా భాగం మూత్రంలోనే పోతుంది, నిల్వ నిండదు. అందుకే వరస ప్రకారం, కొన్ని నెలల పాటు చేస్తారు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. పాదాల్లో తిమ్మిర్లు, దూది మీద నడిచినట్టు అనిపించడం, చీకట్లో తూలడం, ఇందులో ఏదైనా ఉందా? ఉంటే రేపే వెళ్ళండి, వచ్చే వారం అనుకోవద్దు. నరాల నష్టం ఎంత ఆలస్యమైతే అంత తక్కువగా తిరిగి వస్తుంది. ఇంకో జాగ్రత్త, ఎవరైనా 'రక్తం తక్కువ' అని ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే వేసుకోకండి. రక్తం బాగుపడినట్టు కనబడుతుంది, లోపల నరాలు మాత్రం చెడిపోతూనే ఉంటాయి.


బడిగంట | జూన్ 5, రాత్రి 11:30

ఎడమ పాదం. నాలుగైదు నెలల నుంచి. చెప్పుల వల్ల అనుకుని రెండు జతలు మార్చాను. స్నానం చేసేటప్పుడు ముఖానికి సబ్బు పెట్టి కళ్ళు మూసుకుంటే గోడ పట్టుకుంటున్నాను. ఇది కూడా దానిదేనా? రేపు సెలవు పెట్టి వెళ్తాను డాక్టర్ గారూ.


నిదానం | జూన్ 6, ఉదయం 10:10

బడిగంట గారూ, మీరు ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళి రండి. మీ తమ్ముడు అన్న మాట మిమ్మల్ని అంతగా బాధపెట్టింది కాబట్టి నా సంగతి చెబుతాను. నాకు ఆ జబ్బు ఉంది. మైయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్, క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్, రెండు పేర్లూ దానివే. 2021 మేలో కోవిడ్ వచ్చి తగ్గింది, నేను మాత్రం మళ్ళీ మామూలు మనిషిని కాలేదు. మియాపూర్‌లో ఉంటాను, ఉద్యోగం మానేసి మూడేళ్ళు.

నాకూ బి12 ఇంజక్షన్లు వేశారు. ముప్పైకి పైనే. నా బి12 మొదట్నుంచీ 460. ఎంసీవీ, బి12 తగ్గితే రక్తంలో పెరిగే హోమోసిస్టీన్, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్క రోజు కూడా తేడా తెలియలేదు. అయినా ప్రతి కొత్త డాక్టరూ, ప్రతి బంధువూ 'బి కాంప్లెక్స్ వేసుకో, లేచి నాలుగు అడుగులు నడువు' అనేవారు.

నడిస్తే ఏమవుతుందో చెబుతాను. పోయిన దసరాకి అమ్మ వచ్చిందని తలంటు పోసుకున్నాను. కుంకుడుకాయ రసం, రెండు చెంబులు ఎక్కువ నీళ్ళు, తల తుడుచుకోవడం, అంతే. ఆ రోజు బాగానే ఉన్నాను. మర్నాడు మధ్యాహ్నం నుంచి గొంతు నొప్పి, జ్వరం వచ్చినట్టు ఒళ్ళు, కిటికీ వెలుతురు కూడా భరించలేను. నాలుగు రోజులు మంచం మీదే. అమ్మ గ్లాసు నోటికి పెడితే తాగాను. దీన్నే శ్రమ తర్వాత కుంగిపోవడం అంటారు. ఈ జబ్బుకి అసలు గుర్తు ఇదే. అమెరికాలో 2015లో పెట్టిన కొలమానంలో ఆరు నెలలకి మించిన అలసట, నిద్రపోయినా తీరని బడలిక, వీటితో పాటు ఇది తప్పనిసరి. ఇవి కాక మతిమరుపైనా, లేచి నిలబడితే కళ్ళు తిరగడమైనా ఉండాలి. బ్రిటన్ వాళ్ళు 2021లో తమ మార్గదర్శకాల్లో ఈ జబ్బుని నయం చేస్తామని ఏ మందూ, ఏ విటమినూ ఇవ్వొద్దని రాశారు. వ్యాయామం రోజురోజుకీ పెంచుకుంటూ పోయే పద్ధతిని కూడా అదే ఏడు తీసేశారు.

మీరు ఇంజక్షన్ తర్వాత పది రోజులు ఇల్లు తుడిచి, మంచాన పడలేదు. అది చదివి నాకు మీ విషయంలో ధైర్యం వచ్చింది. అందుకే రాస్తున్నాను.


సూర్యాపేట సైకిల్ | జూన్ 6, మధ్యాహ్నం 1:30

నిదానం అక్కా, నేను మొన్న రాసింది మిమ్మల్ని ఉద్దేశించి కాకపోయినా, మీలాంటి వాళ్ళకి అది ఎలా తగులుతుందో ఇప్పుడు అర్థమైంది. క్షమించండి. నాన్న లేచి నడిచేసరికి ఆ సంతోషంలో అందరికీ అదే చెబుతూ వచ్చాను. మా మేనత్తకి కూడా చెప్పాను, ఆవిడకి తర్వాత కిడ్నీ సమస్య అని తేలింది. ఆ మాట ఇక్కడ రాయడం మర్యాదనిపించి రాస్తున్నాను.


నిదానం | జూన్ 6, మధ్యాహ్నం 3:45

తమ్ముడూ, మీ నాన్న నడిచారు. ఎవరికైనా చెప్పాలనిపిస్తుంది. నాకు కోపం లేదు. నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళు నిమ్మకాయ కారం దగ్గర్నుంచి తాయెత్తు దాకా తెచ్చారు, అందరూ ప్రేమతోనే. 'నీకు తగ్గాలంటే ఏం చెయ్యాలి' అని కాకుండా 'ఇవాళ నేనేం చేసిపెట్టను' అని అడిగింది మా ఎదురింటి పిన్నిగారు ఒక్కరే. గిన్నెలు తోమి వెళ్ళారు.


చద్దిమూట | జూన్ 6, సాయంత్రం 7:20

ఇంజక్షన్లు, మాత్రలు అంటున్నారు గానీ మన తిండిలోనే ఉంది కదా మందు. రాత్రి అన్నంలో మజ్జిగ పోసి, ఉల్లిపాయ వేసి పొద్దున్నే చద్దన్నం తింటే బి12 పుష్కలం అని వీడియోల్లో డాక్టర్లే చెబుతున్నారు. శాకాహారులకి స్పైరులినా కూడా ఉంది. ఇడ్లీ, దోసె పిండి పులిస్తే అందులోనూ వస్తుంది. మా అమ్మమ్మ తొంభై ఏళ్ళు బతికింది, ఒక్క మాత్ర వేసుకోలేదు.


వార్డు రౌండ్ | జూన్ 6, రాత్రి 10:50

చద్దిమూట గారూ, చద్దన్నం నేనూ తింటాను, ఆవకాయ ముక్క నంజుకుని. ఎండాకాలంలో అంతకు మించింది లేదు. మజ్జిగ పోశారు కాబట్టి ఆ మజ్జిగలో ఉన్న బి12 అందుతుంది. అన్నం పులిస్తే మాత్రం లోపం తీరేంత బి12 పుట్టదు. ఇడ్లీ పిండీ అంతే. పులియబెట్టే బ్యాక్టీరియా అన్నీ బి12 తయారుచేయవు. స్పైరులినాలో ఉన్నది చాలావరకు బి12లా కనబడే వేరే పదార్థం, మన ఒంటికి పనికిరాదు. అది వాడుతూ 'నాకు అందుతోంది' అనుకుని పాదాలు మొద్దుబారాక వచ్చినవాళ్ళని చూశాను.

మీ అమ్మమ్మగారి రోజుల్లో ఇంట్లో గేదె ఉండేది, పూటకి గ్లాసెడు చిక్కటి మజ్జిగ తాగేవారు. గ్యాస్ మాత్ర లేదు. ఆ తేడా చాలా పెద్దది.

ఇంకో సంగతి, గర్భంతో ఉన్న శాకాహార తల్లికి లోపం ఉంటే, తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డకీ ఉంటుంది. ఎనిమిది, తొమ్మిది నెలల పిల్లలు అప్పటిదాకా నవ్వి, కూర్చుని, ఒక్కసారిగా మందకొడిగా అయిపోతారు. వేళ్ళ కణుపుల మీద చర్మం నల్లబడుతుంది, చేతులు వణుకుతాయి. పెద్దవాళ్ళలోనూ కణుపులు నల్లబడటం ఒక గుర్తే, మనవాళ్ళు ఎండకి అనుకుని వదిలేస్తారు. ఇంట్లో ఎవరైనా నీళ్ళోసుకుని ఉంటే ఈ ఒక్క పరీక్ష అడగండి.


ఎర్రమట్టి | జూన్ 7, ఉదయం 8:00

చిన్న ప్రశ్న. రేషన్ బియ్యం కడిగేటప్పుడు కొన్ని గింజలు తెల్లగా తేలుతున్నాయి. మా ఊళ్ళో ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేస్తున్నారు. వాటిలో బి12 కలిపారని మా అంగన్‌వాడీ టీచర్ అంటున్నారు. నిజమేనా?


స్లైడు కింద | జూన్ 7, ఉదయం 9:15

నిజమే, పారెయ్యొద్దని అందరికీ చెప్పండి. అవి బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజలా చేసినవి. నూటికి ఒక గింజ చొప్పున కలుపుతారు. కేజీ బియ్యంలో బి12 0.75 నుంచి 1.25 మైక్రోగ్రాముల దాకా ఉండాలని ప్రమాణం. అంటే మూడు పూటలా ఆ అన్నమే తిన్నా రోజు అవసరంలో ఐదో వంతో, ఇంకాస్త తక్కువో వస్తుంది. లోపం వచ్చినవాళ్ళకి ఇది చాలదు, రాకుండా కాస్త ఆసరా.


పాత కాగితాలు | జూన్ 8, మధ్యాహ్నం 12:40

రిటైర్డ్ లైబ్రేరియన్‌ని. ఈ చర్చ మొదటి నుంచీ చదువుతుంటే మనసులో ఒక్క పేరే తిరుగుతోంది, మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బు తీసుకుపోయింది. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. ఆయనకీ అదే జబ్బు వచ్చి తృటిలో బయటపడ్డారు. తర్వాత అమెరికాలో లెడర్లే ల్యాబ్‌లో ఆయన నడిపించిన బృందమే 1945లో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. అంతకుముందు బొంబాయిలో మిల్లు కార్మిక స్త్రీల రక్తహీనత మీద లూసీ విల్స్ అనే డాక్టరమ్మ పనిచేసి, ఈస్ట్ సారంలో ఏదో ఉంది, ఇస్తే రక్తం పడుతోంది అని చూపించారు. ఆ 'ఏదో' ఈ ఫోలిక్ యాసిడే.

అప్పట్లో పెర్నీషియస్ అనీమియా అనే, బి12 ఒంటికి ఎక్కక వచ్చే ప్రాణాంతక రక్తహీనతకి కూడా ఇదే మందు అనుకుని సంబరపడ్డారు. రక్తం పడింది, కానీ రోగుల కాళ్ళు చచ్చుబడ్డాయి. వార్డు రౌండ్ గారు మొన్న చేసిన హెచ్చరిక అలా, మనుషుల కాళ్ళ మీద నేర్చుకున్నదే. ఆ జబ్బుకి అప్పటిదాకా ఉన్న దారి లివర్ ఒక్కటే. 1926లో మైనాట్, మర్ఫీ అనే అమెరికా డాక్టర్లు రోజుకి పావు కేజీకి కాస్త తక్కువ లివర్ తినిపించి మనుషుల్ని బతికించారు. విప్పిల్‌తో కలిపి వాళ్ళకి 1934లో నోబెల్ వచ్చింది. లివర్‌లో ఉన్నదేమిటో 1948లో తేలింది. ఎర్రటి స్ఫటికాలు. బడిగంట గారి ఇంజక్షన్ ఎర్రగా ఉంది కదా, ఆ ఎరుపు రంగు వేసింది కాదు, బి12 రంగే అది. మధ్యలో కోబాల్ట్ ఉన్న దాని అణు నిర్మాణం వల్ల వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. బి విటమిన్ల కథలో మన నేలకి ఇంకా పాత చోటుంది. పంతొమ్మిదో శతాబ్దంలోనే మన ఉత్తర సర్కారు జిల్లాలు బెరిబెరికి పేరుమోశాయి. బాగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం తినేవాళ్ళకి బి1 అందక కాళ్ళు వాచి, గుండె నీరసించి పోయేవారు. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో అది అరుదు. ఎందుకంటే వడ్లు ఉడికించినప్పుడు తవుడులో ఉన్న విటమిన్ గింజ లోపలికి దిగుతుంది. తార్నాక సంస్థ అన్నారే, అది 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధన కోసమే పుట్టింది. 1958లో హైదరాబాద్ వచ్చింది. ఇక్కడికి వచ్చాక గోపాలన్ గారు, శ్రీకంఠయ్య గారు జొన్న రొట్టె ప్రధానంగా తినే దక్కన్ పేదల్లో పెల్లాగ్రా, అంటే బి3 లోపం ఎందుకొస్తోందో 1960లో రాశారు. నీరసం అంటే బద్ధకం అని తిట్టుకుంటూ ఎన్ని తరాలు గడిపామో అనిపిస్తుంది.


బడిగంట | జూన్ 9, రాత్రి 8:30

వెళ్ళొచ్చాను. రాయడానికి రెండు రోజులు పట్టింది.

డాక్టర్ గారు ఇనుప ఫోర్కు లాంటిది తీసి మోచేతికి కొట్టి, నా కాలి బొటనవేలు కణుపు మీద పెట్టారు. 'జుమ్మని తెలుస్తోందా, ఆగగానే చెప్పమ్మా' అన్నారు. కుడికాలికి కాస్త తెలిసింది. ఎడమకాలికి పెట్టి ఆయన చూస్తున్నారు, నేను చూస్తున్నాను. నాకేం తెలియలేదు. పనిచేయడం లేదేమో అన్నాను. ఆయన అదే ఫోర్కు నా మణికట్టు మీద పెట్టారు. ఇంకా మోగుతోంది. ఆ నిమిషం నాకు గొంతు తడారిపోయింది.

తర్వాత పాదాలు దగ్గర పెట్టి కళ్ళు మూసుకుని నిలబడమన్నారు. తూలాను. సిస్టర్ పట్టుకుంది.

పాత రిపోర్టు చూసి 'ఈ ఏడో పేజీ తెచ్చి మంచి పని చేశారు, లేకపోతే ఇవాళ్టి రక్తంతో నాకేమీ తెలిసేది కాదు' అన్నారు. స్లైడు కింద అన్నా, ఇది మీ పుణ్యమే. ఆ ప్రోటీన్ని ఒళ్ళే అడ్డుకుంటోందేమో చూసే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ యాంటీబాడీ పరీక్షకి, ఇనుము నిల్వ చూపే ఫెరిటిన్‌కి రక్తం తీశారు. ఇంజక్షన్లు రెండు వారాలు రోజు విడిచి రోజు, తర్వాత వారానికొకటి, ఆ తర్వాత నెలకొకటి. గ్యాస్ మాత్ర ఒక్కసారిగా కాకుండా మెల్లగా తగ్గించమన్నారు. తమ్ముడి మాట కూడా అడిగాను. 'ఆ పేరు పెట్టే ముందు మిగతావన్నీ కాదని తేలాలి, మీలో కారణం కళ్ళెదుట ఉంది' అన్నారు.


సూర్యాపేట సైకిల్ | జూన్ 12, రాత్రి 9:00

నాన్న పదకొండేళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నాడు. పది ఇంజక్షన్లు అయ్యాయి, ఆపేశాం. ఇది చదివాకే తెలిసింది, మెట్‌ఫార్మిన్ ఉన్నంతకాలం బి12 చూసుకుంటూ ఉండాలని. షుగర్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఏడాదికోసారి పరీక్ష రాశారు. ఇంట్లో ఉన్న నరాల మాత్రల సీసా కూడా చూపించమని మా బావ అన్నాడు, చూపించాను. అందులో బి6 మోతాదు ఎక్కువగా ఉందట. ఏళ్ళ తరబడి వాడితే బి6 వల్లే తిమ్మిర్లు రావచ్చట. ఎక్కువైతే మూత్రంలో పోతుందని నేను మొదటి రోజు రాసింది అన్ని బి విటమిన్లకీ వర్తించదు. దయచేసి సరిచేసుకోండి.


బడిగంట | సెప్టెంబరు 14, సాయంత్రం 6:10

మూడు నెలలైంది. అడిగినవాళ్ళందరికీ ఒకేసారి చెబుతున్నాను.

యాంటీబాడీ లేదని వచ్చింది. అది లేకపోయినంత మాత్రాన పెర్నీషియస్ కాదని పూర్తిగా చెప్పలేమని, అయినా నా తిండి, గ్యాస్ మాత్ర చూస్తే కారణం అదేనని డాక్టర్ గారు అన్నారు. ఫెరిటిన్ 9. అంటే ఇనుము కూడా అడుగంటింది. మధ్యలో ఒక నెల నాకు చాలా దిగులేసింది. మొదటి మూడు వారాలు బాగుండి, మళ్ళీ నీరసం తిరిగొచ్చింది. అయ్యో, తమ్ముడు అన్నదే నిజమేమో అనుకున్నాను. తీరా చూస్తే బి12 అందగానే మజ్జ గబగబా కణాలు తయారుచేయడం మొదలుపెట్టి, ఉన్న కాస్త ఇనుమూ వాడేసిందట. ఐరన్ మాత్రలు మొదలుపెట్టిన ఐదో వారం నుంచి మనిషినయ్యాను. హిమోగ్లోబిన్ 12.4, ఎంసీవీ 91.

ఇప్పుడు మాత్ర మీదికి మార్చారు, రోజుకి 1000 మైక్రోగ్రాములు. మాత్రలో ఉన్న బి12 ప్రోటీన్‌ని అంటిపెట్టుకుని ఉండదు కాబట్టి యాసిడ్ అవసరం లేదట. దారి మూసుకున్నా నూటికి ఒక వంతు దానంతటదే లోపలికి జారుతుందట, అది చాలు అన్నారు.

మొన్న ఫోర్కు మళ్ళీ పెట్టారు. కుడికాలికి చివరిదాకా తెలిసింది. ఎడమకాలికి రెండు మూడు క్షణాలు సన్నగా తెలిసి ఆగిపోయింది. తిమ్మిరి పాదం మధ్య నుంచి వేళ్ళలోకి తగ్గింది. ఇంకా ఎంత వస్తుందో ఏడాది చూడాలన్నారు. ముఖానికి సబ్బు పెట్టుకుని గోడ వదిలేశాను. పదిహేడో ఎక్కం ఇరవై దాకా చెప్పాను, ఆ క్లాసులోనే.

నిదానం గారూ, మీకు ఎలా ఉంది?


నిదానం | సెప్టెంబరు 15, మధ్యాహ్నం 2:20

గోడ వదిలేశారన్న మాట రెండుసార్లు చదివాను. చాలా సంతోషంగా ఉంది.

నాకు పెద్ద మార్పు లేదు. కొత్త డాక్టర్ దొరికారు, ఇంజక్షన్ పేరెత్తలేదు. నేను చెప్పేది పూర్తిగా విని, రోజులో ఎంత చేస్తే మర్నాడు పడిపోనో రాసుకోమన్నారు. ఇప్పుడు కూరగాయలు మంచం మీద కూర్చుని తరుగుతున్నాను, నిలబడటం లేదు. తలంటు పదిహేను రోజులకోసారి, అదీ చెల్లెలు వచ్చినప్పుడు, స్టూలు మీద కూర్చుని. ఈ నెలలో ఒక్కసారే పడిపోయాను. నిన్న పిన్నిగారితో బాల్కనీలో పావుగంట కూర్చున్నాను.


బడిగంట | సెప్టెంబరు 15, రాత్రి 9:05

ఆదివారం హైదరాబాద్ వస్తున్నాను, అక్క కూతురి సీమంతం. మీకు వీలైతే మధ్యాహ్నం ఒక పది నిమిషాలు కలుస్తాను. మీరు మాట్లాడక్కర్లేదు, ఏదైనా పని చేసిపెట్టి వెళ్తాను. కాదంటే ఏమీ అనుకోను.

సీమంతం అన్నాను కదా, అమ్మాయికి ఏడో నెల. శాకాహారమే. బి12 చూశారా అని అక్కని అడిగితే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మాత్రమే ఇచ్చారంది. ఇవాళ పొద్దున్నే రక్తం ఇచ్చి వచ్చారు. మా అమ్మకి కూడా ఇప్పించాను, ఆవిడకి అరవై తొమ్మిది, కణుపులు నల్లగా ఉన్నాయి. ఇద్దరి రిపోర్టులూ రేపు సాయంత్రం వస్తాయి. వార్డు రౌండ్ గారూ, రాగానే ఇక్కడ పెడతాను, ఒక్కసారి చూడండి.